టేపు కింద పేరు

చికాగో పక్కనున్న అరోరా ఊళ్లో, తెలుగు చర్చిలో ఆదివారం భోజనాలయ్యాక ఎవరి గిన్నెలు వాళ్లకి చేర్చే పని ప్రేమజ్యోతిది. అవి గుడివాడలో పేర్లు కొట్టించి తెచ్చుకున్న స్టీలు గిన్నెలు. పైన ఎవరి పేరు రాసిన టేపు అంటించి ఉన్నా, ఆమె టేపు పీకి కింద చెక్కిన పేరే చూసేది.

"దీనమ్మక్కా, టేపు మీది. గిన్నె నాది!"

"పోనీలేవే, రెండేళ్ల నించీ మా ఇంట్లో పప్పు వండుతోంది. అలవాటైపోయింది!"

మిగతా రోజుల్లో ప్రేమజ్యోతి వృద్ధాశ్రమంలో నర్సు. 1984లో అక్కడికి మార్గరెట్ వచ్చింది. డెబ్బయ్యారేళ్లు, చక్రాల కుర్చీ. నోరు మాత్రం పరుగెత్తేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది ఆమె మ్యూనిక్‌లో అమెరికా సైన్యం తరఫున పనిచేసింది. నాజీలు యూదుల ఇళ్లలో దోచుకున్న చిత్రాలను గుర్తుపట్టి, వెనక నీలం పెన్సిల్‌తో నంబరు వేసి, కార్డు రాసి, సొంతదారులకు పంపే పని. ఆమె గదిలో ఆ పనంతా ఆడవాళ్లదే. సంతకాలు, ఫోటోలు, పతకాలు ఆఫీసర్లవి. రికార్డులో మార్గరెట్ ఉత్త "టైపిస్టు".

ఒక్క కార్డు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. అది కిటికీ పక్కన బఠాణీలు వలుస్తున్న ఒక తల్లి చిత్రానిది. నంబరు వేశాక మ్యూనిక్ గోదాములోంచే ఎవరో ఆ చిత్రాన్ని ఎత్తుకుపోయారు. ఆ తల్లి నాజీల క్యాంపులో చనిపోయింది. చికాగోలో ఉంటున్న కూతురు లోటీకి అమ్మ ముఖం మిగిలింది ఆ చిత్రంలోనే, ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఇన్నేళ్లకి ఒక చిన్న మ్యూజియం కేటలాగులో మార్గరెట్ ఆ బఠాణీలను గుర్తుపట్టింది. ఉత్తరం రాస్తే, "వెనక ఏ నంబరూ లేదు" అని జవాబొచ్చింది. కావాలంటే వచ్చి చూసుకోమన్నారు. మార్గరెట్‌ని తను తీసుకెళ్తానంది ప్రేమజ్యోతి.

"మనకెందుకు జ్యోతీ? గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాది కాలేదు," అన్నాడు భర్త ఆనందబాబు.

"బొమ్మ వీపు చూడ్డానికి గ్రీన్ కార్డ్ దేనికండీ? మీరు డ్రైవ్ చేయండి చాలు."

మ్యూజియం మేనేజరు చిత్రాన్ని తిప్పి చూపించాడు. ఖాళీ చెక్క, నడుమ వాళ్ల తెల్ల చీటీ ఒకటి. మార్గరెట్ తల వంచేసుకుంది.

"ఆ చీటీ ఎవరంటించారు?" అంది ప్రేమజ్యోతి.

"మేమే. మా నంబరు."

"ఇంత జాగా ఉంటే సరిగ్గా అక్కడే ఎందుకు? మా చర్చిలోనూ ఇంతే సార్. కొత్త పేరు ఎప్పుడూ పాత పేరు మీదే అంటిస్తారు. తీయించండి."

ఆనందబాబు గోడవైపు తిరిగి నవ్వాపుకున్నాడు. మేనేజరు ధీమాగానే సరేనన్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి తడి దూదితో మెల్లగా చీటీ ఊడదీసింది. ముందు ఒక నీలం గీత, తర్వాత ఒక నాలుగు అంకె బయటపడ్డాయి.

"నాలుగు వేల నాలుగు వందల పదిహేడు!" కార్డు తీయకుండానే అరిచింది మార్గరెట్.

లాయర్లు ఏడు నెలలు తిన్నారు. చివరికి లోటీ చిత్రాన్ని ఇంటికి తీసుకెళ్తూ, దారిలో వృద్ధాశ్రమం దగ్గర ఆగింది. అమ్మ ముక్కు తనకే వచ్చిందని అందరికీ పక్కన నిలబడి మరీ చూపించింది.

మార్గరెట్ కార్డు మీద "సొంతదారుకు చేరింది" అని తేదీ వేసింది. కింద, తనిఖీ చేసినవారు సంతకం పెట్టే గడి ఉంది. అప్పట్లో అది ఆఫీసరుగారి గడి. పెన్ను ప్రేమజ్యోతి చేతిలో పెట్టింది. ప్రేమజ్యోతి తన పేరు తెలుగులో రాసింది.

"ఇదేం రాత?"

"మా గిన్నెల మీద రాత."

"అయితే నా పేరు కూడా రాయి. గట్టిగా నొక్కి రాయి!"

ప్రేమజ్యోతి నొక్కి రాసింది. కార్డు వెనక దాకా అచ్చు పడింది.