జీవరాజు కొట్లో ఇంకో బిళ్ళ

రామచంద్రపురం బస్టాండు వెనక వీధిలో జీవరాజు వీడియో గేముల కొట్టు నడిచినంత కాలం వెంకటదుర్గ ఆ ఆటల్ని కళ్ళతో చూసింది తక్కువ, చెవులతో విన్నదే ఎక్కువ. కొట్టు ముందు, కాపురం వెనక, మధ్యన ఒక్కటే గోడ. ఇవతల పప్పు ఉడుకుతుంటే అవతల విమానాలు కూలేవి. ఇవతల పోపు చిటపటలాడుతుంటే అవతల కుస్తీవాళ్ళు మూలిగేవాళ్ళు. చప్పుడుని బట్టి ఏ మిషన్లో బిళ్ళ పడిందో పొయ్యి దగ్గర కూర్చునే చెప్పేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకి, తొంభై రెండులో, జీవరాజు మద్రాసు నించి లారీ మీద నాలుగు మిషన్లు దింపించాడు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు లోపలికి దిగుతాయేమోనని కంగారుపడి, కట్టుకున్న కొత్త పంచె చెంగుతోనే తుడిచాడు. రూపాయి ఇస్తే ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు. బిళ్ళ వేస్తే ఆట మొదలు. బడి వదిలే వేళకి కొట్టు ముందు సైకిళ్ళకి చోటు ఉండేది కాదు. వాళ్ళకి పిల్లలు లేరు. అయినా ఆ ఇంట్లో పిల్లల గోల లేదని ఎవరూ అనడానికి ఉండేది కాదు.

మగపిల్లలున్న తల్లులకి మాత్రం ఆ కొట్టు పేరు చెబితేనే ఒళ్ళు మండేది. పిల్లల్ని పాడుచేసే కొంప అనేవాళ్ళు. ఆ మాట జీవరాజు వినకపోలేదు. ఆయనకో పద్ధతి ఉండేది. రాత్రి ఎనిమిదవగానే, పరీక్షల రోజుల్లో ఇంకా పెందలాడే, గోడకున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగేసేవాడు.

"కరెంటు పోయిందర్రా. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏంటో. ఇళ్ళకి పొండి" అనేవాడు. ఆట సగంలో ఆగిపోయినవాడికి మర్నాడు ఇంకో బిళ్ళ ఊరికే ఇచ్చేవాడు.

ఇంటికీ కొట్టుకీ ఒకటే మెయిన్. అందుచేత ఇల్లూ చీకటైపోయేది. పిల్లలు వీధి మలుపు తిరిగేదాకా మొగుడూ పెళ్ళాలు వంటింటి గుమ్మంలో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. రోజు మొత్తంలో ఆయన తీరిగ్గా మాట్లాడేది ఆ కాసేపే.

"పొమ్మని నిజం చెప్పేయొచ్చు కదండీ" అని ఓసారి ఆమె అడిగింది.

"పొమ్మంటే మొహాలు చిన్నబుచ్చుకుంటారే. కరెంటోళ్ళని తిట్టుకుంటూ పోతే నాకేం పోయింది" అన్నాడు జీవరాజు.

తరవాత టీవీకి తగిలించుకునే ఆటలొచ్చాయి, ఆ వెనకే నెట్ సెంటర్లొచ్చాయి. కొట్టు ముందు సైకిళ్ళు పలచబడ్డాయి. మిషన్లు ఒక్కొక్కటీ మూగబోయాయి. రెండు వేల మూడు వేసవిలో, మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

పెద్దకర్మ రోజున బంధువులు చాలామంది వచ్చారు. కొట్లో ఆడిన పిల్లలు మాత్రం పెద్దగా కనపడలేదు. ఉద్యోగాలకీ చదువులకీ తలో దిక్కూ వెళ్ళిపోయారు, ఎవరికి కబురు చెయ్యాలో ఎవరికి తెలుసు. భోజనాలయ్యాక పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ ఎవరో ఆవిడ పక్కావిడతో అంది, "ఎంతమంది పిల్లల చదువులు మట్టిలో కలిపాడో మహానుభావుడు."

ఆ మాట వెంకటదుర్గ చెవిన పడింది. పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. ఏడుపు నెమ్మదిగా తగ్గింది గానీ, ఆ మాట తగ్గలేదు. మనిషి పోవడం ఒక ఎత్తు. ఆయన పదేళ్ళు చేసిన పని మంచిదో చెడ్డదో తెలియకుండా మిగిలిపోవడం ఇంకో ఎత్తు.

ఏడాది తిరిగాక హరిబాబు వచ్చాడు. ఆ కొట్లో ఆడి పెరిగినవాడే. ఇప్పుడు కోర్టు వీధిలో కంప్యూటరు పెట్టి శుభలేఖలూ, కర్మ కార్డులూ, కరపత్రాలూ వేస్తాడు. పక్కన జిరాక్సు మిషను.

"వదినగారండీ, ఓ చిన్న పత్రిక వేద్దామనుకుంటున్నానండి."

"దేని మీద బాబూ?"

"మన పాత ఆటల మీదండి. అన్నయ్యగారి కొట్లో ఆడామే, అవేనండి. ఇప్పుడవి కంప్యూటర్లో ఆడుకోవచ్చు. దాన్ని ఎమ్యులేటర్ అంటారండి."

ఆమెకి అర్థం కాలేదు. రమ్మని కోర్టు వీధికి తీసుకెళ్ళాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఏవో మీటలు నొక్కాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి వీధి కేసి చూస్తోంది. ఇంతలో టింగుమని ఒక చప్పుడు, దాని వెనకే సన్నగా ఒక పాట. ఆమె చెయ్యి గుమ్మం పట్టుకుంది.

"ఇది మన రెండో మిషను" అంది.

"చూడకుండానే చెప్పేశారేంటండి?"

"నేనెప్పుడు చూశాను కనక."

అప్పుడు దగ్గరికొచ్చి చూసింది. పదేళ్ళు గోడ అవతల కూలిన విమానాలు ఎర్రవనీ, కింద సముద్రం ఉంటుందనీ ఆమెకి ఆ రోజే తెలిసింది. పాత మిషను వేషం కంప్యూటరు కట్టిందన్నమాట, అనుకుంది. హరిబాబుకి ఆ మాట నచ్చి పత్రికలో అలాగే రాశాడు.

పత్రికకి 'ఇంకో బిళ్ళ' అని పేరు పెట్టాడు. ఏ ఆట కంప్యూటర్లో ఎలా ఆడాలో, జాయ్‌స్టిక్కు లేకపోతే ఏ మీట వాడాలో, విమానాల ఆటలో మూడో మెట్టు ఎలా దాటాలో అన్నీ రాశాడు. కొట్టు జ్ఞాపకాలుంటే రాసి పంపమని ఆఖర్న అడిగాడు. జీవరాజు కొట్లో పెట్టిన వేసవి పోటీలకి పిల్లలు పేర్లిచ్చిన చీటీలు వెంకటదుర్గ బిస్కట్ల డబ్బాలో దాచింది. వాటి మీద ఇళ్ళ చిరునామాలున్నాయి.

అదే వారంలో ఆమె అన్న పల్లంరాజు వచ్చాడు. ఆయనకి కొబ్బరి తోటలున్నాయి, కాయలు పోసుకోడానికి చోటు కావాలి.

"దుర్గా, ముందు గది ఊరికే ఉంది కదే. పాత ఇనప సామాను కొనే అతనికి చెప్పాను, ఆ మిషను పెట్టెలు పట్టుకుపోతాడు."

"ఆయన పేరు మీద పత్రికేదో వేస్తున్నారు అన్నయ్యా. ఒక్క నెల ఆగు. ఎవరైనా పలికితే సరే. పలక్కపోతే పట్టుకుపోనీ" అంది ఆమె. పెట్టెల గురించి అన్నట్టే అంది. మనసులో ఉన్నది పంపు దగ్గర విన్న మాట.

మొదటి సంచిక మీద జీవరాజు ఫోటో వేశారు. చుట్టూ దళసరిగా నల్ల అంచు. కింద 'కీర్తిశేషులు జీవరాజు గారికి' అని పెద్ద అక్షరాలు. వెంకటదుర్గ దాన్ని కళ్ళకద్దుకుని, కవర్లలో పెట్టి, చీటీల మీది చిరునామాలు రాసి, తపాలా బిళ్ళలు తనే అంటించింది.

వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. తపాలా అతను వీధిలోకి వస్తే ఆమె గుమ్మంలోకొచ్చేది, అతను తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. హరిబాబు తన ఫోను నంబరు కూడా వేశాడు. ఆ ఫోనూ మోగలేదు.

"పోస్టు ఆలస్యమై ఉంటుందండి" అన్నాడు హరిబాబు.

"అంతమందికీనా బాబూ?"

అతను మిగిలిన సంచికలు దొంతి పెట్టాడు. ఆమెకి ఇంక అడగాలనిపించలేదు. పంపు దగ్గర ఆవిడ అన్నదే నిజమై ఉంటుంది. ఆ కొట్టు పేరు ఎత్తడానికి కూడా పిల్లలకి ఇష్టం లేదు కాబోలు. రేపొచ్చి పెట్టెలు పట్టుకెళ్ళమని అన్నకి కబురు పెట్టింది. మాసిన చీర ముక్క తడిపి, నాలుగింటికీ పట్టిన దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఎలాగూ ముక్కలు చేసేవాటిని ఎందుకు తుడుస్తోందో ఆమెకే తెలీదు.

ఆ సాయంత్రం వీధి గుమ్మం ముందు రిక్షా ఆగింది. అరవై దాటిన ఒకావిడ, చేతిలో అరటిపళ్ళ సంచీతో దిగింది. ద్రాక్షారామం నించి వచ్చిందట, పేరు శ్యామలాంబ.

"కార్డు అందిందమ్మా" అంటూ కూర్చుని వెంకటదుర్గ చెయ్యి పట్టుకుంది. "మా ఉదయ్‌భాస్కర్ మీ కొట్లోనే పడుండేవాడు. చిన్న వయసులో ఎంత కష్టం వచ్చింది తల్లీ. పెద్దకర్మ ఎప్పుడో తారీకు వెయ్యలేదు. అయిపోయిందో ఏమో, వీలు చూసుకుని వచ్చేశాను."

వెంకటదుర్గ తెల్లబోయింది.

"ఆయన పోయి ఏడాది దాటిందండి."

"అదేంటమ్మా? మరి కార్డు ఇప్పుడేశారేం?"

వెంకటదుర్గ లోపలికెళ్ళి మిగిలిన సంచిక ఒకటి తెచ్చింది. శ్యామలాంబ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇదేనమ్మా. ఇంట్లో పెట్టుకున్నావేంటి దీన్ని? అశుభలేఖ ఎవరైనా గుమ్మం దాటనిస్తారా?"

"మీకొచ్చింది ఏం చేశారండి?"

"అందరూ ఏం చేస్తారో అదే చేశాను. అరుగు మీదే కవరు విప్పి, పేరు చూసుకుని, చింపి కాలవలో పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళాను. మావాడికి చూపించలేదు. వాడికి పెళ్ళిచూపులు నడుస్తున్నాయి కదా, ఇలాంటివి ఎందుకని."

"లోపల పేజీలు తెరిచి చూశారాండి?"

"అందులో తెరవడానికి ఏముంటుంది తల్లీ?"

వెంకటదుర్గ పత్రిక తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టింది. శ్యామలాంబ భయం భయంగా కళ్ళజోడు పెట్టుకుంది. ఒక పేజీ చూసింది, ఇంకోటి తిప్పింది.

"కర్మ కార్డులో విమానం బొమ్మేంటమ్మా?" అంది.

వెంకటదుర్గకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పిల్లలు మర్చిపోలేదు. వద్దనుకోనూ లేదు. ఆ పత్రిక ఒక్కరి చేతికీ చేరలేదు. ఇంటింటా ఒక తల్లో నాయనమ్మో దాన్ని గుమ్మం బయటే చింపేసింది.

కబురందుకుని హరిబాబు పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని సంచిక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఫోటో పెట్టే అచ్చు మా దగ్గర అదొక్కటే ఉందండి. కర్మ కార్డులదే" అన్నాడు నెమ్మదిగా. "రోజూ వేసేదే కదాని పేర్లు మార్చేశాను. నల్ల అంచుంటే మిషను తెరలా బాగుంటుందనుకున్నానండి."

"బానే ఉంది నాయనా" అంది శ్యామలాంబ. "చూడగానే కాళ్ళు కడుక్కోవాలనిపించింది."

మర్నాడు పొద్దున్నే పల్లంరాజు వచ్చాడు, వెనక ఇనప సామాను బండి.

"బండి పంపించెయ్యి అన్నయ్యా" అంది వెంకటదుర్గ.

"ఎవరైనా పలికారా ఏంటి?"

"వాళ్ళకింకా పిలుపే అందలేదు."

రెండోసారి పసుప్పచ్చ కాగితం మీద వేశారు. పైన ఫోటో లేదు, ఇత్తడి బిళ్ళ బొమ్మ ఒక్కటే. ఫలానా ఆదివారం సాయంత్రం కొట్టు తెరుస్తున్నామని లోపల రాశారు. ఈసారి నాలుగు మూలలా పసుపు పెట్టి పంపితే ఏ ఇల్లాలూ పారెయ్యదని శ్యామలాంబ చెప్పింది. చెప్పడమే కాదు, పని సవ్యంగా జరుగుతోందో లేదో చూడ్డానికి తనే మళ్ళీ బస్సెక్కి వచ్చింది.

పసుపు కలిపిన గిన్నె వెంకటదుర్గ హరిబాబు వైపు జరిపింది.

"మీ ఆవిణ్ణి పిలు బాబూ. నేను పెట్టకూడదు."

"పెట్టమ్మా" అంది శ్యామలాంబ. "మావారు పోయిన ఈ పదేళ్ళూ ముట్టుకోనిది నేను పెట్టట్లేదూ? ఆటలకి ముత్తయిదువలేంటి?" అని తన వేలు గిన్నెలో ముంచింది. వెంకటదుర్గ ఒక్క క్షణం చూసి, తనూ ముంచింది. సాయంత్రానికి ఇద్దరి వేళ్ళూ పచ్చగా అయిపోయాయి.

ఈసారి ఫోను మోగింది. ఆపకుండా మోగింది. పెళ్ళి ఎవరిదండీ అని కొందరు పెద్దవాళ్ళు అడిగారు. వాళ్ళకి సర్దిచెప్పాక, ఆ పక్కనించి కొడుకులు ఫోను లాక్కుని మాట్లాడారు. ఇంట్లోవాళ్ళు చెబితే ఒకడు మొగల్తూరు నించి, ఒకడు కాకినాడ నించి, మూడో మెట్టు దాటే కిటుకు తప్పు రాశారని దెబ్బలాడ్డానికి ఒకడు.

ఆదివారం సాయంత్రానికి కొట్టు నిండిపోయింది. మీసాలొచ్చిన వాళ్ళు, బొజ్జలొచ్చిన వాళ్ళు, పిల్లల్ని చంకనేసుకొచ్చిన వాళ్ళు. హరిబాబు తన కంప్యూటరు తెచ్చి రెండో మిషను పెట్టెలోనే అమర్చాడు, పాత జాయ్‌స్టిక్కుకే తీగలు కలిపాడు. బిళ్ళ పడగానే టింగుమంది. గోడ ఇవతల టీ కాస్తున్న వెంకటదుర్గ చెయ్యి అలాగే ఆగింది. ఈసారి పొయ్యి తగ్గించి, కొట్లోకి వెళ్ళి నిలబడి చూసింది.

శ్యామలాంబ కొడుకు ఉదయ్‌భాస్కర్ ఆమె పక్కకొచ్చాడు. అతను యానాంలో కరెంటు ఆఫీసులో పని చేస్తున్నాడు.

"పిన్నిగారండీ, ఒకటి అడగనాండి? బాబాయిగారు ఎనిమిదింటికి మెయిన్ తీసేసేవారు కదండీ."

ఆమె ఉలిక్కిపడింది. "నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముందండి. బయటికొస్తే వీధి లైటు వెలుగుతూనే ఉండేది. పక్కిళ్ళలో టీవీలు మోగుతూనే ఉండేవి. మా అందరికీ తెలుసండి."

"మరి తిరగబడి అడగలేదేం?"

"ఆయన అంత కష్టపడి అబద్ధం ఆడుతుంటే ఎలా అడుగుతామండి? ఇంటికెళ్ళి పుస్తకం తీసేవాళ్ళం." అతను నవ్వాడు. "అప్పట్లో తిట్లు కరెంటోళ్ళు తిన్నారు. ఇప్పుడు నేనూ తింటున్నాను లెండి."

గుమ్మం దగ్గర కూర్చున్న శ్యామలాంబ ఇదంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చదువుకోమని పంపేవాడా? నాకు తెలీదమ్మా" అంది. "రోజూ తిట్టుకునేదాన్ని."

వెంకటదుర్గ పంపు దగ్గర విన్న మాట కోసం మనసులో వెతికింది. ఉండవలసిన చోట అది లేదు. పెద్ద బరువు దింపుకున్నాక భుజం తేలిగ్గా, కొంచెం వింతగా ఉంటుందే, అలా ఉంది.

ఎనిమిదయింది. ఆటలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. ఆమె గోడ దగ్గరికెళ్ళి, మెయిన్ మీద చెయ్యి వేసి, కిందికి లాగింది.

"కరెంటు పోయిందర్రా" అంది చీకట్లో.

ఎవరూ గొడవ చెయ్యలేదు. చెప్పులు వెతుక్కుంటూ ఒక్కొక్కరే బయటికి నడిచారు. వీధి లైటు వెలుగులో వాళ్ళ మొహాలు స్పష్టంగా కనపడుతున్నాయి.

"నా ఆట సగంలో పోయింది పిన్నిగారూ" అన్నాడు ఆఖరివాడు.

"రేపు రా. ఇంకో బిళ్ళ ఇస్తాను."

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆమె మెయిన్ పైకెత్తలేదు. వంటింటి గుమ్మంలో, ఎప్పుడూ కూర్చునే వైపే, పక్కన కాస్త చోటు వదిలి కూర్చుంది.