అమావాస్య రజా

ఆ అమావాస్య మధ్యాహ్నం మా అమ్మ పొయ్యి ఆర్పేసి, నట్టింట్లో చాప పరుచుకుని పడుకుంది. వంట కాలేదు. రాట్నం పక్కన నూలు కట్టలు విప్పనైనా విప్పలేదు. పేకాట ముగించుకుని భోజనానికి వచ్చిన నాయన గడపలోనే ఆగిపోయాడు.

"ఏమే, జొరమా?"

"జొరం లేదు."

"మరి పండుకున్యావే?"

"అమావాస్య గదా. నీ మగ్గానికి రజా ఇచ్చినావు. నా రెక్కకు నేనిచ్చుకున్యా."

డెబ్బైల చివర్లో, ఎమ్మిగనూరులో జరిగిన మాట ఇది. అప్పటికి నేను ఆదోనిలో ఒక పత్రికకు వార్తలు రాస్తున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి ఉన్నాను. మా వీధిలో అమావాస్య నాడు మగ్గాలకు రజా, అంటే సెలవు; ఎవరూ నేసేవారు కాదు. పొద్దున్నే మగ్గం తుడిచి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టేవారు. ఆ తరువాత మగవాళ్ళు పేకాటకో, ఆదోనికి సినిమాకో పోయేవారు. ఆడవాళ్ళు మాత్రం రాట్నం ముందు కూర్చునేవారు. మర్నాడు మగవాడు మగ్గం గుంటలోకి దిగేసరికి, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టుకోవడానికి నూలు చుట్టిన కండెలు సిద్ధంగా ఉండాలి. రజా మగ్గానిదే. కండెలు చుట్టే మనిషిని అందులో ఎవరూ కలపలేదు.

అమ్మ కుడి రెక్క కొన్ని నెలలుగా చెబుతూనే ఉంది. మొదట సాయంత్రానికి భుజం బరువెక్కేది. తరువాత మధ్యాహ్నానికే. ఆ మధ్య పొద్దున జొన్నరొట్టె తట్టేటప్పుడే మొదలైంది. వైద్యుడి దగ్గరకు పోదామని నేనంటే, "పనిచేసి పనిచేసి నొస్తాంది. దానికి సూది యాల?" అంది. రెక్క పడిపోయాక పడుకోమని అందరూ అంటారు. అప్పటిదాకా ఆగేది లేదని ఆమె పట్టుదల.

కాసేపటికి పక్కింటి ముస్లిం ఆవిడ రొట్టెలు తెచ్చింది.

"ఏం వదినా, పానం బాగలేదా?"

"బాగుంది. బాగున్నెప్పుడే పండుకున్యా."

ఆవిడ పడీపడీ నవ్వి నాయన వైపు తిరిగింది. "అన్నా, రొట్టెలంటే నేనిస్తా. కండెలు మాత్రం నువ్వే సుట్టుకోవల్ల."

ఆదోని పత్తి మిల్లుల్లో సమ్మె జరిగితే నేను వెళ్ళి రాసేవాణ్ణి. అక్కడ జెండా ఉండేది, డిమాండ్లు ఉండేవి, చర్చలు ఉండేవి. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అందువల్ల చర్చలకు కూర్చోవడానికి నాయనకు దారే లేకపోయింది.

మర్నాడు అమ్మ ఎప్పటిలాగే లేచింది. వంట అయ్యాకే కండెలు అంది. ఆగలేక నాయనే రాట్నం ముందు కూర్చున్నాడు. నూలు తెగేది. ముడి వేసేవాడు. మళ్ళీ తెగేది. వీధిలో పోతున్న నేతగాడొకడు కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏమన్నా, ఈపొద్దు వదిన దిగిందా గుంటలోకి?"

"నీ పని సూస్కో పోరా!"

వదులుగా చుట్టిన ఆ కండెలు నాడెలో జారాయి. ఆ పూట నేత పోయింది. సాయంత్రం నాయన, "వచ్చే అమావాస్యకైనా లేస్తావా?" అని అడిగాడు.

"లేయను," అంది అమ్మ, రాట్నం ఆపకుండా.

లేవలేదు. ఆ తరువాతి అమావాస్యలకూ లేవలేదు. నాయన కండెలు చుట్టడం నేర్చుకున్నాడు, అంత బాగా కాకపోయినా. ప్రతిసారీ "జొరమా?" అని మాత్రం అడిగేవాడు. ఒక్కసారి ఔనంటే ఆయన మర్యాద నిలిచేది. ఆమె అనలేదు.

ఎనభైల్లో మగ్గం తీసేశాం. గుంట పూడ్చి గచ్చు వేయించాం. ఆ తరువాత వచ్చిన అమావాస్యకు అమ్మ ఆ గచ్చు మీదే చాప పరిచింది.

"మగ్గమే లేదు, ఇంక రజా యాడిది?" అన్నాడు నాయన.

"రెక్క ఉంది గదా," అంది అమ్మ.

ఆ రజా మగ్గానిదా, మనిషిదా అన్నది వాళ్ళిద్దరి మధ్య చివరిదాకా తేలలేదు.