అట్ట కిరీటంతో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి

ఉదయగిరి కోట చూడాలనుకునేవాళ్లకు దారి చెబుదామని ఇది మొదలుపెట్టాను. కాకపోతే నేను ఆ దారిన మామూలు ప్రయాణికురాలిగా పోలేదు, రాణిగా పోయాను. అందుకని మధ్యమధ్యలో నా గొప్పలు కూడా వినక తప్పదు.

నాకు ఆత్మకూరులో బట్టలు కుట్టే అంగడి ఉంది. మా పడమటి మండలాలవాళ్లం కలిసి ఉదయగిరిలో కోట పండగ చేసుకుంటాం. పండగకు ముందు ఒక రాజు, ఒక రాణి వేషాలతో ఊరూరా తిరిగి జనాన్ని పిలవాలి. ఈసారి చేజర్ల వైపు గొర్రెలు మేపుకునే మలకొండయ్యను రాజుగా, నన్ను రాణిగా కమిటీ ఎంచింది. మలకొండయ్యకు గుబురు మీసం ఉంది, నాకు కుట్టు మిషను ఉంది. అంతకు మించిన కారణం ఏదీ ఉన్నట్టు నాకు కనబడలేదు.

పండగలో అసలైన ఘట్టం కొండెక్కడం. అందరికంటే ముందు గొర్రెల మంద నడవాలి. కోటదారిని కంప కమ్మేయకుండా ఇన్నాళ్లూ తొక్కి కాపాడింది మందలే కాబట్టి ఆ మర్యాద వాటిదే. అయితే పోయినేడు కమిటీవాళ్లు ఆ మందల పల్లెకు ఫోనులో మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. పల్లెవాళ్లు రాలేదు. జనం పిక్నిక్కుకు పోయినట్టు కొండెక్కి, చిప్స్ తిని దిగొచ్చారు. ఈసారి వాళ్లను ఒప్పించి తెచ్చే పని మా ఇద్దరి మీద పడింది. "వాళ్లు రాకుంటే నేను కిరీటం పెట్టుకోను. రాజూ వొద్దు, ఏమీ వొద్దు" అని మలకొండయ్య అందరి ముందూ ఒట్టేసి మరీ బయల్దేరాడు.

పండగకు ముందురోజు, బుధవారం ఉదయం ఆరూ నలభైకి ఆత్మకూరు బస్టాండు చేరాం. ఆయనకు ఎర్ర వెల్వెట్ కోటు, తెల్ల పంచె. నాకు పచ్చ పట్టు పరికిణీ, దాని చుట్టూ జానెడు వెడల్పు జరీ అంచు. రెండూ నేను కుట్టినవే. పదిహేను రోజులు గిరాకీలను తిప్పి పంపి మరీ కుట్టాను. కిరీటాలు అట్టవి, బంగారు కాగితం అంటించినవి. రాజదండం మాత్రం అసలు సిసలుది. ఉదయగిరి పనివాళ్లు చెక్కిన మూరెడు పొడవు చెక్క గరిటె అది, పిడి నిండా పూలూ తీగలూ. బస్టాండు ఎదురు హోటల్లో కారం దోసె తిన్నాం. ఎర్రకారం బాగా దట్టిస్తారు, తట్టుకోలేనివాళ్లు ముందే చెప్పుకోవాలి. రాజుగారు చెప్పుకోలేదు, మూడు గ్లాసుల నీళ్లు తాగారు.

ఏడూ పదికి అనుమసముద్రంపేట బస్సు ఎక్కాం. ఇప్పుడు ఈ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కదా, కండక్టరు నన్ను ఆధార్ అడిగాడు. ఇచ్చాను. కార్డునూ, కిరీటాన్నీ రెండుసార్లు మార్చి మార్చి చూశాడు.

"ఏందమ్మా, ఇందులో రాణి అని లేదే?"

"కిరీటం తీసి చూపించమంటావా?"

"వొద్దులే తల్లీ, కూర్చో. రాణికి ఫ్రీ. రాజు మాత్రం టికెట్ తీయాల."

బస్సంతా నవ్వు. మలకొండయ్య కోటు లోపలికి చెయ్యి దూర్చి చిల్లర వెతుక్కుంటుంటే, "అన్నా, ఎడం జేబులో ఉండాది చూడు" అన్నాను. దాంతో మా వెనకసీటు ముసలాయన ఇక ఆగలేకపోయాడు.

"రాజును అన్నా అని పిలిచే రాణిని ఇప్పుడే చూస్తా ఉండాను!"

ఏం చెయ్యను, నోటికి వచ్చే పిలుపు అదే.

పేటలో దర్గాకు వచ్చిన జనం బాగానే ఉన్నారు. పూలు, చాదర్లు అమ్మే అంగళ్ల మధ్య నడిచి అందర్నీ పిలిచాం. ఒక అంగడి భాయి మాకు టీ తెప్పించి, డబ్బులిస్తే తీసుకోలేదు. "రాజు నా అంగట్లో టీ తాగినాడని సంవత్సరమంతా చెప్పుకుంటా. మీ పండక్కి మా ఇంటోళ్లందరం వస్తాం పోండి" అన్నాడు. ఫొటోలు దిగీ దిగీ నా దవడలు నొప్పి పుట్టాయి. అయినా ఆనందంగానే ఉంది. యాభై ఏళ్లు దాటాక నన్ను నిలబెట్టి ఫొటో తీసినవాళ్లెవరు?

పన్నెండున్నరకు ఆత్మకూరు తిరిగొచ్చి భోంచేసి, ఎండ తగ్గాక ఉదయగిరి బస్సు పట్టుకున్నాం. అయిదు దాటాక దారిలో మందల పల్లె దగ్గర దిగాం. అప్పుడే మంద మేత నుంచి తిరిగొస్తోంది. గంటల చప్పుడు, దుమ్ము, పిల్లల కోసం తల్లుల అరుపులు. దొడ్డి ముందు మందకు పెద్ద దిక్కయిన వెంగమ్మవ్వ కర్ర పట్టుకుని గొర్రెల్ని లోపలికి లెక్కపెట్టి తోలుతోంది.

మలకొండయ్య చెప్పులు విడిచి దొడ్డి వైపు అడుగేశాడు. లోపలంతా పెంటికలు, బురద. నా కళ్లకు ఆ తెల్ల పంచె, ఎర్ర వెల్వెట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు. చటుక్కున చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "అన్నా, బట్టలు! రేపటికి ఇవే గదా!" ఆయన ఆగిపోయాడు. ఇద్దరం కంచె బయటే నిలబడి అచ్చువేసిన ఆహ్వానం చదివాం. నేను చాలా చక్కగా చదివాననే అనుకున్నాను.

అవ్వ అంతా విని కర్ర కంచెకు ఆనించింది.

"అయిందా? పోయినేడు ఫోన్లో పెట్టిందే ఇప్పుడు బయట నిలబడి చదివినారు. పోయి రాండి."

అంతే. వెనక్కి తిరిగి చూడకుండా దొడ్లోకి పోయింది.

రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం కూర్చున్నాం. మలకొండయ్య కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అవ్వకు అంత కోపమెందుకని అడిగాను.

"మందను పిలవాలంటే ముందు దొడ్లోకి పోయి, మందను నడిపించే గంట గొర్రెకు బొట్టు పెట్టి, ఉలవలు తినిపించాల. మనుషుల్ని పిలిచేది ఆ తర్వాతే. బయట నిలబడి పిలిస్తే అది పిలుపే కాదమ్మా."

"నీకు తెలుసు గదన్నా! మరి చెప్పలేదేంది?"

"నువ్వు కష్టపడి కుట్టినావు. నీ ముఖం చూసి ఆగినా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్లన్నీ తిరిగి పిలుచుకొస్తామని వచ్చి, ఒక్క బట్ట కోసం పిలుపునే చెడగొట్టాను. పుట్టినప్పటి నుంచీ మందల్లో పెరిగిన మనిషి, నా మీది మొహమాటంతో తన మర్యాద వదులుకున్నాడు. సిగ్గేసింది. బస్సు వస్తే రానిమ్మని లేచాను.

పల్లె అంగట్లో కుంకుమ పొట్లం దొరికింది. ఉలవలు ఒక ఇంటి ఇల్లాలు కుండలోంచి తీసి ఇచ్చింది, ఉడికించినవే. దొడ్డి దగ్గరికి పోయి, పరికిణీ ఎత్తి పట్టుకుందామనుకుని, మళ్లీ వద్దనుకుని వదిలేశాను. చీలమండల దాకా దిగబడ్డాను. వెనకే మలకొండయ్య, వెల్వెట్ కోటుతో సహా. గంట గొర్రె ముసలిది, ఒక కొమ్ము విరిగింది. దాని నుదుట బొట్టు పెట్టాను. ఉలవలు పెట్టడానికి గిన్నె లేదు, రాజదండం ఉంది. మలకొండయ్య గరిటె నిండా ఉలవలు పట్టి దాని మూతి దగ్గర పెట్టాడు.

"రేపు మీరు ముందు నడవాల. మేం వెనకాల వస్తాం" అన్నాను ఆ గొర్రెతో. ఇంకేమనాలో నాకు తెలియదు.

అది ఉలవలన్నీ తిన్నది, గరిటె నాకింది, తర్వాత తీరిగ్గా నా జరీ అంచు పట్టుకుంది. నేను లాగాను, అదీ లాగింది. పర్రుమని జానెడు ముక్క దాని నోట్లో మిగిలింది. పదిహేను రోజుల పని! వెంగమ్మవ్వ పళ్లులేని నోరంతా తెరిచి నవ్వింది. కానీ వస్తామని మాత్రం అనలేదు.

"చూస్తాంలే. దానికి ఇష్టముంటే వస్తాది" అని గొర్రె మూతి నుంచి ఆ ముక్క లాక్కుని కొంగున ముడేసుకుంది.

ఏడు గంటల బస్సులో ఉదయగిరి చేరాం. పండగ రోజుల్లో లాడ్జీలు దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి. మాకు కమిటీవాళ్లు ఒక టీచరమ్మ ఇంటి మేడ మీద గది ఇచ్చారు. పరికిణీ ఉతికి ఆరేశాను కానీ అంచు కుట్టలేదు, చేతులు రాలేదు.

మర్నాడు ఆరున్నరకల్లా కొండ కింద జనం. తప్పెట్లవాళ్లు తయారు. అంగట్లో వేడివేడి పొంగలి. మలకొండయ్య అన్న మాట ప్రకారం కిరీటం చంకలో పెట్టుకునే నిలబడ్డాడు. ఏడయింది. "ఇంక ఎక్కుదాం, ఎండ ముదురుతాది" అని కమిటీ పెద్ద తొందరపెట్టాడు. "కాసేపు ఉండండి సార్" అన్నాను. ఏడుంబావు. మలకొండయ్య రోడ్డు వైపు చూడటం కూడా మానేశాడు.

అప్పుడు గంట వినిపించింది. మలుపు తిరిగి మొదట దుమ్ము వచ్చింది, ఆ తర్వాత మంద, అందరికంటే ముందు ఆ ఒంటికొమ్ము ముసలి గొర్రె. దాని మెడలో గంటకు నా జరీ ముక్క కట్టి ఉంది, ఎండకు తళతళమంటూ. పక్కన వెంగమ్మవ్వ, తలకు నూనె రాసుకుని, కొత్త కోక కట్టుకుని.

"ఏం రా మలకొండా, బోడి తలతో ఉండావే? పెట్టుకోరా కిరీటం!"

ఆయన పెట్టుకున్నాడు. తలకిందులుగా పెట్టుకున్నాడని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తప్పెట్లు మోగాయి. నేను ఏడుస్తూ నవ్వుతూ ఎక్కాను, దాచిపెట్టను.

కొండెక్కడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. నీళ్లు మోసుకుపోండి, మెట్ల దగ్గర తొందరపడకండి. పైన గాలి, కూలిన గోడలు, కింద చెరువులూ పొలాలూ. కోటను ఎవరెవరు ఏలారో ఆ గోడల మీది పలకల్లో చదువుకోవచ్చు. నాకు మాత్రం గోడ నీడన పడుకుని నెమరేస్తున్న మందే ఎక్కువ బాగుంది.

మూడింటికి ఆత్మకూరు బస్సు ఎక్కితే నిన్నటి కండక్టరే. అతను అడక్కముందే ఆధార్ తీశాను.

"ఉండనీలే తల్లీ, గుర్తుండావు. అదేంది, అంచు అట్టా చినిగిపోయింది? కుట్టు పని చేసే మనిషివి, కుట్టుకోలేదా?"

"కుట్టను. అది చినిగింది కాదు నాయనా, కప్పం. కొండ ఎవరిదో వాళ్లకు కట్టినా."

పక్కన మలకొండయ్య చెక్క గరిటె ఒళ్లో పెట్టుకుని, కిరీటంతోనే నిద్రపోయాడు. ఆత్మకూరు వచ్చేదాకా నేను లేపలేదు.