పుస్తకంలో సగం యమున

అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు పోతే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు పోయిందట. నేను అన్నీ తెలిసిన రకమే గాని, నా ముహూర్తం అమావాస్య మర్నాటికి పడింది. ఆ తెల్లవారుజామున ముగ్గురు ఆడవాళ్ళని పూజాసామగ్రితో సహా వెంటబెట్టుకుని వెళ్ళి, ఊరి మధ్యలోంచి పారే నదిని పోగొట్టేశాను. గొడుగు పోగొట్టుకున్నవాళ్ళుంటారు, ఉంగరం పోగొట్టుకున్నవాళ్ళుంటారు. యమునానదిని పోగొట్టినవాడు మాత్రం ఢిల్లీ చరిత్రలో నేనొక్కణ్ణే అనుకుంటాను. మీరు నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు నవ్వనివాళ్ళు నా పక్కనే నిలబడి ఉన్నారు.

అప్పట్లో మునిర్కాలో ఓ గదిలో ఉండి సివిల్స్‌కి చదివేవాణ్ణి. మా కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ళ కిటికీకి కొట్టుకునేది, అంత విశాలమైన గది. ప్రిలిమ్స్ రెండుసార్లు తప్పాను. ఒకసారి తప్పినవాడికి భయం పట్టుకుంటుంది. రెండుసార్లు తప్పినవాడికి లోకంలో దేని గురించైనా ఉపన్యాసం ఇవ్వగల ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యానికి తోడు నాకొక పుస్తకం దొరికింది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన, యమున ఈ నగరాన్ని ఎలా తయారుచేసిందో ఇంగ్లీషులో రాసిన పుస్తకం. పాత పుస్తకాల బజారులో కొన్నాను.

ఏ రాజు ఎక్కడ కోట కట్టినా ముందు నది ఎటుందో చూసుకునే కట్టాడనీ, బజార్లూ తోటలూ నదివైపు మొహం పెట్టుకునే పుట్టాయనీ ఆయన ఎంతో ఇష్టంగా చెప్పాడు. ఎర్రకోట గోడని నీళ్ళు రాసుకుంటూ పోయేవనీ, వెనక ద్వారం దాటి నాలుగు మెట్లు దిగితే పడవ ఎక్కడమేననీ ఉన్న అధ్యాయం దాకా వచ్చి, ‘ఆహా’ అనుకుని మూసేశాను. అప్పటికి పుస్తకం సగం అయింది. మిగతా సగాన్ని విప్పకుండానే ఆ పుస్తకాన్ని నూడుల్స్ గిన్నె మీద మూతగా వాడుకున్నాను.

నా యమున వాగుడంతా ఓపిగ్గా వినే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో సుభద్ర ఆంటీ. ఆవిడది అమలాపురం, మాది రాజమండ్రి. ఢిల్లీలో ఆ మాత్రం చుట్టరికం చాలు, ఆదివారం భోజనం అక్కడే. వాళ్ళాయన మూర్తి అంకుల్ సెక్షన్ ఆఫీసరు. వచ్చే జనవరిలో రిటైరవుతున్నారు. ఆ తరవాత క్వార్టర్ ఖాళీ చేసి విశాఖపట్నం వెళ్ళిపోవాలి.

ఓ ఆదివారం పప్పు వడ్డిస్తూ ఆంటీ ఆగింది.

“ఒరేయ్ చైతన్యా, అస్తమానూ యమున యమున అంటావు గదా, నాకో పని చేసిపెడతావురా?”

“చెప్పండాంటీ.”

“పెళ్ళయి ఈ ఊరొచ్చిన కాణ్ణించీ పోలి పాడ్యమి దీపాలు బాల్కనీలో టబ్బులోనే వదులుతున్నాను. ఏటి దగ్గరికి తీసుకెళ్ళండీ అంటే, మీ అంకుల్ ‘ఆ వాసన దగ్గరికి ఎవరెళ్తారే’ అంటారు. ఇహ మాకిక్కడ ఇదే ఆఖరి కార్తీకం. ఒక్కసారి నిజంగా ఏట్లో వదలాలనుందిరా.”

కార్తీకమాసం అయిపోయిన మర్నాడు, సూర్యుడు రాకముందే, అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదలడం మావైపు ఆడవాళ్ళకి పెద్ద పండగ. ఎండ వచ్చిందంటే ఇక వదిలీ ప్రయోజనం లేదంటారు.

“గోదావరి గట్టు మీద పుట్టినవాణ్ణి, నదికి తీసుకెళ్ళమని నన్ను ఇలా బతిమాలాలా ఆంటీ?” అన్నాను. “మామూలు రేవుక్కాదు, రాణులు దిగిన రేవుకే తీసుకెళ్తా.”

ఆవిడ మొహం చిన్నపిల్లలా వెలిగిపోయింది. పక్కనే ఉన్న వాళ్ళమ్మాయి స్నేహ మాత్రం ఫోను తీసింది. స్నేహకి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది.

“ఏక్ బార్ మ్యాప్ దేఖ్ లేఁ భయ్యా?”

“మ్యాప్‌లో రోడ్లుంటాయి స్నేహా, చరిత్ర ఉండదు. నేను పుస్తకం చదివాను.”

ఆ మాట అన్న మనిషి ఇప్పుడు ఎక్కడైనా కనిపిస్తే చెవి మెలేసి కూర్చోబెడదామనుంది. ఏం లాభం, అది నా చెవే.

పోలి పాడ్యమి నాడు చీకటి ఉండగానే ఆంటీ, స్నేహ, నేను ట్యాక్సీలో బయల్దేరాం. ఆంటీ ఒళ్ళో అరటిదొప్పలు, వత్తులు, పసుపుకుంకాలు. పక్క బ్లాకులో ఉండే కరీంనగర్ లలిత ఆంటీ కూడా ఎక్కింది. “మా దిక్కు గీ పండుగ ఎరుకలేదు గని, రాణులు యాడ దిగిన్రో సూద్దామని అచ్చిన” అంది. దారిపొడుగునా నేను షాజహాన్‌కి సొంత మేనల్లుడిలా మాట్లాడాను. ఎర్రకోట వెనక్కి రాగానే బండి ఆపించి, ముందుగా దిగి, ఒక చెయ్యి కోట వైపు, ఒక చెయ్యి అటువైపు చాపి, “ఇదిగో!” అన్నాను.

అటువైపు రింగ్ రోడ్డు ఉంది. దాని మీద లారీలు పోతున్నాయి.

“ఏదిరా?” అంది సుభద్ర ఆంటీ.

“ఇక్కడే ఉండాలాంటీ. గోడ అదిగో. గోడ ఉందంటే నది ఉన్నట్టే.”

“నాకు లారీలు కనిపిస్తున్నాయిరా.”

“పొగమంచు కదా, సరిగ్గా ఆనట్లేదు.”

“గంత పెద్ద లారీలు ఆనుతున్నయ్, నది ఆనుతలేదా బిడ్డా?” అంది లలిత ఆంటీ.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. ఏరే లేనిచోటికి తెప్పలు కట్టుకొచ్చినవాళ్ళం మేమే. నేను ఫుట్‌పాత్ అంచుదాకా వెళ్ళి, రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మెట్ల కోసం వెతికాను. పేవ్‌మెంటు మెట్టు ఒకటి దొరికింది. ఇంతలో సుభద్ర ఆంటీ వత్తులు నూనెలో సరిగ్గా నానాయో లేదో చూద్దామని అగ్గిపుల్ల గీసింది. వెంటనే విజిల్ మోగింది. ఓ పోలీసాయన లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

“ఏ! లాల్ ఖిలా కే పీఛే క్యా జలా రహే హో?” కోట వెనక ఏం తగలబెడుతున్నారని గద్దించాడు.

“కుఛ్ నహీఁ భయ్యా,” అన్నాను. “యమునా జీ... యహీఁ థీ నా?” ఇక్కడే ఉండేది కదా అని.

ఆయన నన్నూ, అరటిదొప్పలనీ, మళ్ళీ నన్నూ చూశాడు.

“థీ,” అన్నాడు. “బాద్షా కే జమానే మేఁ. అబ్ ఉధర్ చలీ గయీ. ఆప్ థోడా లేట్ ఆయే హైఁ.”

బాద్షా కాలంలో ఉండేదట, ఇప్పుడు అటు వెళ్ళిపోయిందట, మీరు కాస్త ఆలస్యంగా వచ్చారట! స్నేహ దుపట్టా నోట్లో కుక్కుకుంది.

పుస్తకం రెండో సగంలో ఉన్నది ఇదే. ఆ సాయంత్రమే చదివాను, ఇప్పుడు నవ్వొస్తుంది గాని అప్పుడు ఏడుపొచ్చింది. నది ఏటేటా కొంచెం కొంచెం తూర్పుకి జరిగిందట. అది వదిలిన నేలని ఊరు ఆక్రమించుకుంది, రోడ్లు వేసుకుంది. ఒకప్పుడు దాని మొహం చూస్తూ పెరిగిన నగరం, వీపు తిప్పి కూర్చుని, మురుగు కాలవలన్నీ దాని మీదికి వదిలింది. అన్నం పెట్టిన మనిషిని పెరట్లోకి నెట్టేసినట్టుంది ఆ వ్యవహారం. ఇదంతా ఆ పెద్దాయన ఎంత బాధపడి రాశాడో, దాని మీద నేను వేడి గిన్నె పెట్టాను.

“అయితే నదికి కూడా ట్రాన్స్‌ఫరైందన్నమాట,” అంది సుభద్ర ఆంటీ. కోప్పడలేదు. తూర్పువైపు చూసింది. ఆకాశం బూడిదరంగుకి తిరుగుతోంది. “తెల్లారిపోతోందిరా చైతన్యా,” అని అరటిదొప్పల్ని దగ్గరికి పొదువుకుంది. తిట్టినా బాగుండేది. ఆ మాట విన్నాక, నా సరదా అంతా దిగిపోయి సిగ్గు వేసింది.

ట్యాక్సీ డ్రైవరు జాలిపడి, దగ్గర్లోనే ఘాట్ ఉంది, ఎక్కండి అన్నాడు. కాసేపట్లో ఓ పెద్ద గేటు ముందు దింపాడు. లోపల కట్టెలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి.

“ఓ పిలగా, గిన్ని కట్టెలు ఎందుకున్నయ్ గీడ?” అంది లలిత ఆంటీ.

“చలికాలం కదాంటీ, చలిమంటలకి.”

నా మాట పూర్తయ్యేలోపల వెనకనించి ‘రామ్ నామ్ సత్య్ హై’ అంటూ నలుగురు పాడె మోసుకుంటూ వచ్చారు. డ్రైవరు తప్పేం లేదు. ఘాట్ కావాలన్నాం, ఊళ్ళో అందరికీ తెలిసిన ఘాట్ అదే. లలిత ఆంటీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ట్యాక్సీలోకి ఒక్క దూకు దూకింది.

“దీపాలు వదిలితే ఎప్పటికైనా పైకి పోతామనుకున్నాను గాని,” అంది సుభద్ర ఆంటీ, “నువ్వు సరాసరి ఇక్కడికే తీసుకొచ్చి దింపుతావనుకోలేదురా నాయనా.”

అక్కణ్ణించి ఫోనులో మ్యాప్ స్నేహ చేతిలోనే ఉంది. నేను వెనక సీట్లో అరటిదొప్పలు పట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను. కొంచెం అవతలే యమునా బజార్ మెట్లు. చివరికి నది కనిపించింది.

ఏం చెప్పమంటారు! నల్లటి నీళ్ళు. ముక్కు పగిలే వాసన. వాటి మీద తెల్లటి పక్షులు గుంపులు గుంపులుగా వాలుతున్నాయి, పడవల్లో కూర్చున్నవాళ్ళు వాటికి గింజలు విసురుతున్నారు. లలిత ఆంటీ, స్నేహ, నేను జేబురుమాళ్ళూ కొంగులూ ముక్కుకి పెట్టుకున్నాం. సుభద్ర ఆంటీ పెట్టుకోలేదు. మెట్లు దిగి ఆఖరి మెట్టు మీద కూర్చుంది. నీళ్ళకి పసుపూ కుంకుమా వేసింది. దీపాలు వెలిగించి వదిలి, చేత్తో మూడుసార్లు నీళ్ళు తోసింది. దొప్పలు కాసేపు మొహమాటపడి, తరవాత మెల్లిగా కదిలాయి. సూర్యుడు ఇంకా రాలేదు. నా ప్రాణం కుదుటపడింది.

“ఇన్నేళ్ళూ దీని నీళ్ళు తాగాను,” అంది ఆవిడ. “ఈ నీళ్ళతోనే అన్నం వండి పిల్లని పెంచాను. మెట్రో కిటికీలోంచి తప్ప దీని మొహం చూళ్ళేదు.”

దీపాలు వదిలాక కథ చెప్పుకోవాలి. అది లేకపోతే ఫలం లేదట. లలిత ఆంటీకి తెలియదు కదా అని, సుభద్ర ఆంటీ అక్షింతలు పంచి మొదలుపెట్టింది. ఓ అత్తగారు చిన్నకోడల్ని ఇంట్లో వదిలేసి, మిగతా కోడళ్ళని తీసుకుని దీపాలు వదలడానికి ఆర్భాటంగా ఏటికి వెళ్ళింది. చిన్నకోడలికి నూనె లేదు, వత్తి లేదు. పెరట్లో పత్తి తెచ్చి, కవ్వానికి అంటిన వెన్న తీసి, ఇంట్లోనే దీపం పెట్టుకుంది.

“అప్పుడు పైనించి విమానం దిగింది,” అంది ఆంటీ. “దిగి, ఇంట్లో దీపం పెట్టుకున్న చిన్నకోడల్ని స్వర్గానికి తీసుకుపోయింది. ఏటి దాకా వెళ్ళినవాళ్ళంతా...”

అక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ టబ్బు పక్కన కూర్చుని చెప్పిన కథే. కాని అప్పుడు ఈ చిక్కు రాలేదు.

“ఏటి దాకా పోయినోళ్ళు?” అంది లలిత ఆంటీ.

“...ఇక్కడే ఉండిపోయారు.”

ముగ్గురూ తిరిగి నావైపు చూశారు. పక్షులు కూడా చూశాయని నా అనుమానం.

“మత్లబ్ మమ్మీ,” అంది స్నేహ, “బాల్కనీ వాలా టబ్ హీ ఠీక్ థా?” బాల్కనీలో టబ్బే నయమా అని.

సుభద్ర ఆంటీ ముందు నవ్వింది. ఎంతలా నవ్విందంటే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. తుడుచుకోవడం మాత్రం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

“నేను స్వర్గం కోసం రాలేదే,” అంది నీళ్ళవైపే చూస్తూ. “ఇన్నాళ్ళు ఒకళ్ళ ఇంట్లో ఉండి, చెప్పకుండా వెళ్ళిపోతామా? వెళ్ళొస్తానని చెప్పడానికొచ్చాను.”

అప్పుడే, ఆ మెట్ల మీదే, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కుడిచేత్తో నీళ్ళు ముట్టుకుని (తరవాత మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను, అది వేరే సంగతి) ప్రతిజ్ఞ చేశాను. ఏ పుస్తకం గురించైనా సరే, వెనక అట్ట చూసేదాకా నోరు విప్పను. ముందుగా ఏ ఘాటో కనుక్కోకుండా, ఘాట్‌కి తీసుకెళ్తానని ఎవరికీ మాటివ్వను. ఇక ఎవరికైనా నదిని చూపించక తప్పని పరిస్థితే వస్తే, ముందురోజు నేనొక్కణ్ణే వెళ్ళి, అది ఇంకా అక్కడే ఉందో లేదో చూసి వస్తాను.