ఒక్క చెవితో రాక్ కచేరీకి: సూళ్లూరుపేట నుంచి చిత్తూరు మామిడితోట దాకా

రెండేళ్ల కిందట ఒక ఉదయం నిద్ర లేచేసరికి నా ఎడమ చెవి పనిచేయడం మానేసింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే అవతల మనిషే లేనట్టుంది. చెన్నైలో చూపించుకున్నాను, మందులు వాడాను, వినికిడి తిరిగి రాలేదు. ఈమధ్య చేసిన పరీక్షలో కుడి చెవి కూడా కాస్త తగ్గిందని తేలింది. “ఇది ఇలాగే నిలబడచ్చు, ఇంకా తగ్గనూ వచ్చు. ఇప్పుడే చెప్పలేం” అన్నారు డాక్టరమ్మ. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఒక్కటే నిర్ణయించుకున్నాను. నాకిష్టమైన బృందాన్ని ఒక్కసారైనా ఎదురుగా నిలబడి వినాలి.

నేను సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో సైకెడెలిక్ రాక్ అలవాటైంది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగుతుంది. గిటార్ మోత కరిగి, సాగి, మళ్లీ వెనక్కి తిరిగొస్తుంది. మాటలు తక్కువ. బెంగళూరులో ‘గాజిన ఆనె’ అని నలుగురి బృందం ఉంది. కన్నడంలో గాజు ఏనుగు అని అర్థం. వాళ్ల పాటలు పన్నెండేళ్లుగా ఫ్యాక్టరీ బస్సులో వింటున్నాను. ఇలాంటి పాటలు రికార్డు చేసేటప్పుడు ఒక వాద్యాన్ని ఎడమ ఇయర్‌ఫోన్‌లోకి, ఇంకోదాన్ని కుడివైపుకి పంపుతారు. నాకు ప్రాణమైన పాటలో ఆర్గన్ అనే కీబోర్డు వాద్యం అంతా ఎడమవైపే. అంటే రెండేళ్లుగా ఆ పాట నాకు సగమే వినిపిస్తోంది.

వాళ్లు చెన్నైకి వెళ్తూ దారిలో చిత్తూరు దగ్గర ఒక మామిడితోటలో వాయిస్తున్నారని తెలిసిన రోజే టికెట్ కొన్నాను. ఎనిమిది వందలు. డాక్టరమ్మను అడిగితే, చెవిలో ప్లగ్ పెట్టుకుని స్పీకర్లకు దూరంగా ఉంటానంటే సరేనన్నారు. ఫ్యాక్టరీలో వాడే స్పాంజి ప్లగ్గులు రెండు జతలు పర్సులో వేసుకున్నాను. మా ఆయన ప్రభాకర్, మా బాబును తను చూసుకుంటానన్నాడు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు సూళ్లూరుపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి రెండున్నర గంటలు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి కార్డు మరిచిపోకండి. కిటికీ సీటు చూసుకుని, వినిపించే చెవి మనుషుల వైపు ఉండేలా కూర్చున్నాను. ఇప్పుడు ఎక్కడికెళ్లినా నేను ముందు చేసే పని అదే.

తిరుపతి బస్టాండు బయట ఒక చిన్న మెస్‌లో రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నాను. వడ్డించే ఆమె రెండుసార్లు ఏదో అడిగింది, నాకు వినబడలేదు. ఆమె విసుక్కోకుండా కుడివైపుకి వచ్చి వంగింది. “పులుసు పోసేదా అని అడగతా ఉండా. మా అత్తకీ ఇంతేలే, ఈ పక్కకొచ్చి చెప్పల్ల” అంది. ఇంకో ముద్ద సంగటి కూడా పెట్టింది. అక్కణ్నుంచి చిత్తూరు బస్సులు చాలానే ఉన్నాయి. కాణిపాకం లోపలికి వెళ్లి వచ్చే బస్సు ఎక్కితే మాత్రం ఆలస్యమవుతుంది, కండక్టరును అడిగి నేరుగా వెళ్లేది ఎక్కండి. రెండింటికల్లా చిత్తూరులో మా అక్క విజయ ఇంట్లో ఉన్నాను.

అక్క బడిలో వంట చేస్తుంది. నాతో కచేరీకి వస్తానంది, ఇష్టమై కాదు, చీకటి పడ్డాక నన్ను ఒక్కదాన్నీ పంపలేక. మామిడితోట బెంగళూరు రోడ్డులో తొమ్మిది కిలోమీటర్లు. ఆటో అతను తీసుకెళ్లి, పదింటికి మళ్లీ వచ్చి ఇంటిదగ్గర దించడానికి ఆరు వందలకు ఒప్పుకున్నాడు.

“ఆడ ఏముండాదమ్మా, పెండ్లా?” అని అడిగాడు.

“పాటకచ్చేరి అన్నా.”

“తోటలోనా? పాముల్ని సూసుకోండి” అని నవ్వాడు.

అయిదున్నరకు మొదలు కావాల్సింది. మూడు వందల మంది దాకా వచ్చి ఉంటారు, ఎక్కువమంది బెంగళూరు కార్లలో వచ్చిన కుర్రకారు. చీర కట్టుకుని వచ్చింది మా అక్క ఒక్కతే. అయిదుంపావుకు వాన మొదలైంది. పది నిమిషాల్లో కుండపోత అయింది. వేదిక మీద తెరలు దించేశారు. ఎడమవైపు స్పీకర్ల మీద కప్పిన టార్పాలిన్ గాలికి ఎగిరిపోయింది. ఏడయ్యేసరికి కార్లు ఒక్కొక్కటే కదిలాయి. వెళ్లిపోయేవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామని మైకు లేకుండానే ఎవరో అరిచి చెబుతున్నారు. వాయిస్తారో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేం టిక్కెట్లు చూసే రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. అక్క నా కుడివైపుకి వచ్చింది.

“మే, ఇంగ పదా. ఆటోకు ఫోన్ సెయ్యి. జొరమొస్తే ఎవరు సూస్తారు నిన్ను?”

“నువ్వు పోక్కా. నేను ఉంటాను.”

“మొండిదాన, వాళ్లే మూటాముల్లె సర్దుకుంటా ఉంటే ఎవరికోసరం ఉంటావు?”

“ఇంకోసారి వాళ్లు ఈ పక్కకొచ్చేసరికి నాకు ఈ చెవి ఉంటుందో లేదో.”

ఆ మాట అంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు.  అక్క పైటతో నా తల తుడిచింది. తర్వాత ఆమే నా చెయ్యి పట్టుకుని బురదలో నడిపించుకుంటూ మైదానం మధ్యలో ఉన్న గుడారం దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ సౌండు సరిచూసే మీటల బల్ల ముందు ఒక పెద్దాయన టార్చి లైటుతో వైర్లు చూస్తున్నాడు. సౌండు సిస్టమ్ అద్దెకిచ్చిన మునిరత్నం అన్న. పెళ్లిళ్లకూ జాతరలకూ మైకులు పెట్టే మనిషి.

“అన్నా, పాట ఉండాదా లేదా, ఒక్క మాట చెప్పు. మా చెల్లెలు సూళ్లూరుపేట నించి వచ్చినాది. దీనికి ఒక చెవి వినపడదు” అంది అక్క.

ఆయన టార్చి ఆర్పి నావైపు చూశాడు. “ఎడమపక్క స్పీకర్లు తడిసిపోయినాయమ్మా. కరెంటిస్తే కాలిపోతాయి. కుడిపక్కవే మిగిలినాయి. వాళ్లేమో రెండు పక్కలా లేకుంటే పాట చెడతాదంటా ఉండారు.”

“అన్ని వాద్యాలూ కలిపి ఒక పక్కే పంపితే?” అన్నాను. “నేను రెండేళ్లుగా ఒక పక్కే వింటున్నానన్నా. సగం పాటకే ఇంత దూరం వచ్చినాను. అన్నీ కలిపి ఒక పక్క వస్తే నాకు అది చాలా ఎక్కువ.”

ఆయన టార్చి మళ్లీ వెలిగించాడు. “ఈడే ఉండండి” అని వాన తగ్గుతుండగా వేదిక వెనక్కి వెళ్లాడు. పావుగంటకు తిరిగొచ్చాడు. “వాయిస్తారంట. అంతా కలిపి మోనోలో ఇస్తా ఉండా. మీరిద్దరూ నా పక్కనే నిలబడండి. సౌండు బాగా పొత్తు కుదిరేది ఈ బల్లకాడే. స్పీకర్లకు దూరం గూడా.”

ఎనిమిదింటికి మొదలుపెట్టారు. మిగిలిన జనం ఎనభై మంది ఉంటారేమో. కుడి చెవిలో ప్లగ్ పెట్టుకున్నాను. డ్రమ్ముల దెబ్బలు తడి నేలలోంచి అరికాళ్లకు తెలిశాయి. మూడో పాటగా నా పాట వచ్చింది. ముందు గిటార్, అది నాకు కంఠతా తెలిసిందే. తర్వాత దాని వెనకనుంచి ఆర్గన్ వచ్చింది. సన్నగా మొదలై, గిటార్ ఆగిన ప్రతి చోటునూ నింపుకుంటూ, చివరికి అదే పాటైపోయింది. రెండేళ్లుగా నా చెవికి ఖాళీగా మిగిలిన చోట్లన్నీ అది ఉండాల్సినవే. నేను ఏడుస్తున్నానని అక్క చెయ్యి నా భుజం మీద పడ్డాకే తెలిసింది.

“ఏమ్మే, బాగుండాదా?” అని చెవిలో అరిచింది.

తలూపాను.

“నాకు ఒక ముక్కా అర్థం కాలేదు. కానీ ఆ జుట్టు పిల్లోడు శానా కష్టపడతా ఉండాడు” అంది. తొమ్మిదిన్నరకు ముగిసేదాకా ఆమె కూర్చోలేదు.

వచ్చేముందు మునిరత్నం అన్న నా ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో ఏదో వెతికాడు. “దీంట్లో గూడా మోనో అని ఉంటాదమ్మా. ఇది పెట్టుకుంటే రెండు పక్కలదీ ఒక చెవిలోకే వస్తాది. ఇన్నాళ్లూ ఎవురూ చెప్పలేదా?” ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒక చెవి పోయిందంటే సగం పాట పోయినట్టేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని కూర్చున్నాను.

నా కుడి చెవి ఏమవుతుందో ఇప్పటికీ తెలియదు. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తున్నాను, మొన్నటి కాగితంలో మార్పు లేదు. ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవడమంటే దాన్ని దాచిపెట్టడం కాదని మాత్రం ఆ తోటలో తెలిసింది. అక్క ఇప్పుడు ఫోన్ చేస్తే పేరు పెట్టి పిలవడానికి ముందే “యా చెవికి పెట్టినావు?” అని అడుగుతుంది. ఇలాంటి ఆరుబయలు కచేరీకి వెళ్లేవాళ్లకు నేను చెప్పేవి రెండే మాటలు. ఒక రెయిన్‌కోటు తీసుకెళ్లండి. ఎంతమంది లేచి వెళ్లిపోతున్నా, సౌండు చూసే మనిషిని మీరే వెళ్లి అడిగి, ఆయన నోటితో లేదని చెప్పేదాకా మైదానం వదలకండి.