నా కొలతకు కోసిన తుపాకి

మొన్న మోకాళ్ళ నొప్పులు చూపించుకోవడానికి చిక్కబళ్ళాపురం పోతే, ఇక చేతికర్ర లేనిదే కుదరదన్నాడు డాక్టరు. అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా ఉంచమని, పిడి సరిగ్గా నా మణికట్టు దగ్గరికి వచ్చేదాకా ఒక బొత్తాము నొక్కుతూ కర్రను పొడుగూ పొట్టీ చేస్తుంటే నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. తోడొచ్చిన మనవరాలు ఏమిటవ్వా అని అడిగితే, ఇంతకుముందు నా చేతిని కొలిచి సరిచేసింది కర్ర కాదే, తుపాకి, అన్నాను. కొలతలు తీస్తున్న పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది!

అరవైల మొదట్లో మాట. పరగోడు దగ్గర ఒక పల్లెకు నేను కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. మా ఆయన చింతామణిలో బడిపంతులు, ఆదివారాలకు తప్ప ఇంటికొచ్చేవారు కాదు. కొండవార మాకున్న వేరుశనగ చేనును అడవిపందుల నుంచి కాపాడేది మా మామగారూ, ఆయన ఒంటిగొట్టం తుపాకీనూ. దాన్ని ఆయన ఎంత ముద్దుగా చూసుకునేవారంటే, ఇంట్లో నూనె ముందు తుపాకికి, తరువాతే తాళింపుకు. అలాంటి మనిషి ఆ ఏడు బండి మీద నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నారు. చేను కాయ పడుతోంది, పందులు గుంపుగా దిగుతున్నాయి, తుపాకి ఎత్తే దిక్కు లేదు. పరాయివాళ్ళ చేతికివ్వడం ఆయనకు ఇష్టం లేదు. నేను నేర్చుకుంటానని నోరు జారాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బాగేపల్లి తాలూకా కచేరికి పోయి లైసెన్సులో నా పేరు కూడా ఎక్కించుకొచ్చారు. కాయ బలిసేలోగా నా గురి కుదరకపోతే మాత్రం తుపాకిని స్టేషనులో అప్పగించి, ఆ చేను బీడు పెట్టేస్తానని ఖండితంగా చెప్పారు.

తనకు తెలిసిన విద్యంతా చెప్పారు. ఒక కన్ను మూయి, గొట్టం కొసనున్న ఇత్తడి పూసను చూడు, మీట నొక్కు. బండరాయి మీద సున్నం పూసిన కుండ పెట్టి కాల్చమంటే, కుండ చెక్కుచెదరలేదు గానీ పక్కనున్న కిత్తనార మట్టలన్నీ చిల్లులు పడ్డాయి. ఎనిమిది తూటాలు అలాగే పోయాయి. ఆడదానికి గురేమిటని ఊళ్ళో నవ్వులు. అసలు సంగతి నేనెవరికీ చెప్పలేదు: తుపాకి వెనక కట్టె భుజం గుంటలో కూర్చోక దండచేతి మీదికి జారుతోంది, పూసను చూడాలంటే కొంగలా మెడ చాచాలి, కాల్చిన ప్రతిసారీ తగిలే దెబ్బకు చెయ్యంతా కమిలిపోయింది. ఆ మచ్చను రవిక చెయ్యి కింద దాచుకున్నాను.

తలంటు పోస్తూ అత్త ఆ మచ్చ చూసి గగ్గోలు పెట్టింది. ఆ గోలకు, మా వాకిట్లో నాగలి చెక్కుతున్న వడ్రంగి ఆచారి పని ఆపి సంగతేమిటని అడిగాడు. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో నాగలికి చేత్తో పట్టే మేడిని ఎవరి పొడుగుకు వాళ్ళం కొలిపించి చేయించుకునేవాళ్ళం. అన్నదమ్ముల్లో పొడుగాయన మేడిని పొట్టాయన ముట్టుకునేవాడు కాదు. అంత తెలిసిన ఇంట్లో తుపాకికీ కొలత ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు! నేను తయారై వచ్చాక ఆచారి ఖాళీ తుపాకి తెప్పించి, కట్టె వెనక కొసను నా మోచేతి మడతకు ఆనించి చూశాడు. నా వేలు మీటకు రెండంగుళాల ఇవతలే ఆగిపోయింది.

“ఇది మీ చేతికుండాదప్పా, ఈయమ్మ చేతికి కాదు. మేడి పొడుగైతే దున్నేవాణ్ణి తిడతామా? కట్టె కొయ్యల్ల,” అన్నాడు మామగారితో.

కోస్తే ఇక అది మామగారికి సరిపోదు, విరిగిన భుజం అతికినా సరే. తుపాకిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరి, చివరికి “కొయ్యప్పా, నేను చూడను,” అని గొడ్లపాకలోకి వెళ్ళిపోయారు. ఆచారి రంపం అందుకున్నాడు. రెండంగుళాల ముక్క కింద పడింది. చెంప ఆనే చోట, నా కన్ను గొట్టానికి సమంగా రావాలని, పాత ఎద్దు మెడపట్టెడ తోలు అతికాడు ఆచారి.

మరుసటి రోజు మామగారి కొత్త పాఠం. ఖాళీ తుపాకి పట్టుకుని, కళ్ళు మూసుకుని, భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్ళు తెరవాలి. తెరిచాను. అబ్బ! వెతకకుండానే పూస గొట్టం కొసన, నా చూపుకు సరిగ్గా ఎదురుగా, ముక్కుపుడక రాయిలా మెరుస్తూ కూర్చుంది. ఎన్నిసార్లు ఎత్తినా అక్కడే! “ఇంక పూసను మరిచిపోమ్మా, రెండు కండ్లూ తెరిచి పందినే చూడు, తుపాకి అదే పోతాది,” అన్నారు మామగారు. పూసనే చూడమన్న మనిషీ ఈయనే! తుపాకి తనకు సరిపోయినన్నాళ్ళూ తాను పూసను చూడనేలేదని, నాకు నేర్పుతూ ఆయనే తెలుసుకున్నారు.

నాలుగో రోజు తెల్లారుతుండగా ఇద్దరం చేను గట్టున కూర్చున్నాం. సాళ్ళలో వేరుశనగ చెట్లు కదిలాయి. నల్లటి పంది ఒకటి లేచి కొండవైపు పరుగందుకుంది. నేనెప్పుడు లేచానో, ఎప్పుడు ఎత్తానో తెలియదు; పంది తప్ప లోకంలో నాకేమీ కనబడలేదు. ధన్! నాలుగడుగులు పోయి అది బోర్లా పడింది. నా భుజానికి నొప్పన్నదే లేదు! “పడిండాదమ్మా, పడిండాది!” అని మామగారు చేతికట్టు మాట మరిచి ఎగిరి గంతేశారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తోంది. ఆ ఏడు కొండవార చేను బీడు పడలేదు.

మరుసటి ఏటికి మామగారి భుజం అతికింది. కోసిన ముక్కను రెండు మరలతో మళ్ళీ బిగిస్తానన్నాడు ఆచారి. మామగారు తుపాకిని ఒకసారి భుజానికెత్తి చూసుకున్నారు. బొటనవేలు వెళ్ళి ముక్కుకు తగిలింది. నవ్వేసి, “ఉండనీప్పా, గురి ఈయమ్మకు కుదిరిండాది,” అని నా చేతికిచ్చారు. ఆయన పోయి, వేట చట్టాలు మారాక, దాన్ని నేనే స్టేషనులో అప్పగించి వచ్చాను. ముక్క మాత్రం నా ట్రంకుపెట్టెలో ఉంది.

చేతికర్ర తేలికగా, బాగానే ఉంది. బొత్తాము నొక్కితే ఎవరికైనా సరిపోతుందట, నా తరువాత ఇంకొకరు వాడుకోవచ్చట. ఇప్పటి వస్తువులన్నీ అంతే, మంచిదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని భుజానికెత్తి, కళ్ళు మూసి తెరిచాను; కొసన నల్ల రబ్బరు కనబడింది. నా కొలతకే ఉంది, కాదనను. కాకపోతే దీన్ని నాకు సరిచేయడానికి ఎవరూ ఏమీ వదులుకోలేదు.