తాడు పట్టుకున్న చేతులు

మా మేడమ్ పోయారని పోర్ట్ బ్లెయిర్‌లో మా జంగ్లీఘాట్ నుంచి అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు హైదరాబాద్‌లో, ల్యాబ్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అప్పుడే ఏం తొందరొచ్చిందండీ ఆవిడకి, మంచి రసపట్టులో ఉండగా!

మేడమ్ మాకు బయాలజీ చెప్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం మీద పోర్ట్ బ్లెయిర్ వచ్చి, ఓడ దిగిన వారానికే తిరిగి పోతానని గొడవ చేశారట. చివరికి రిటైరయ్యాక కూడా ఊరు కదల్లేదు. ఊరికే ఇంట్లో ఉండలేక అప్పుడప్పుడూ బడికొచ్చి పాఠం చెప్పేవారు. సుద్దముక్క కొప్పులో దోపుకుని, ఆ సంగతి మర్చిపోయి, క్లాసంతా వెతికించేవారు. ఎవరైనా బట్టీపట్టింది గడగడా అప్పజెబితే, "అది పుస్తకం మాట. నీ మాటేది?" అనేవారు. మాకు ఒళ్ళు మండేది. ఇంటికెళ్ళాక మాత్రం, నిజమే, నా మాటేది అని ఆలోచనలో పడేవాళ్ళం.

ఆవిడ ధర్మమా అని నేను వైరస్‌ల మీద పరిశోధనలో పడ్డాను. డెంగీ లాంటి వైరస్ మన కణంలోకి ఆర్‌ఎన్‌ఏ అనే పోగు ఒకటి పట్టుకొస్తుంది. తన లాంటి వాటిని వేలకు వేలు తయారు చేయించుకునే కిటుకంతా అందులోనే ఉంటుంది. మన కణాల్లో ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే ప్రోటీన్లు బోలెడున్నాయి. కొన్ని పరాయి పోగును గుర్తుపట్టి కేకేస్తాయి, రోగనిరోధక శక్తి లేచి కూర్చుంటుంది. కొన్ని పాపం మన సొంత ఆర్‌ఎన్‌ఏని చూసుకునేవే, వైరస్ వచ్చి వాటిచేత తన పని చేయించుకుంటుంది. నా వంతుకొచ్చిన ప్రోటీన్ కాపలాదారో, దొంగకి సాయం చేసేదో తేల్చాలి. తేలితే ఒట్టు. కణంలోంచి దాన్ని తీసేసి చూస్తే మొదటి గంటల్లో వైరస్ రెచ్చిపోయేది, మర్నాటికి చతికిలపడేది. మొదటిది ఏదో పొరపాటని పక్కన పడేసేవాళ్ళం. అయినా లెక్క కుదరలేదు. ఏళ్ళు గడిచిపోతున్నాయి. ఇక చాలు, పరిశోధన మానేసి ఏదైనా ఆఫీసు ఉద్యోగం చూసుకుంటానని నిశ్చయించుకుని సెలవు మీద ఇంటికొచ్చాను.

మేడమ్ నా గోడంతా విని, జాలి పడలేదు. రేపు బడికి రా, పిల్లలకి నీ ప్రోటీన్ గురించి చెప్పు అన్నారు.

గ్రౌండ్‌లో ఆట పెట్టాం. వైరస్‌ని నేను. తాడు విసురుతాను, అదే వైరస్ ఆర్‌ఎన్‌ఏ. పిల్లలు ప్రోటీన్లు, తాడు పట్టుకుని గట్టిగా కేకెయ్యాలి. విసిరాను. తాడు గాల్లో ఉండగానే అందరూ అరిచారు, భేష్. తీరా చేతిలో పడ్డాక ఏం చేశారనుకున్నారు? కళ్ళు మూసి తెరిచేలోగా వాలీబాల్ స్తంభానికి రెండు చుట్లు చుట్టి, లాగి, ముడేసి పారేశారు. సగం మంది చేపల పడవల ఇళ్ళ పిల్లలాయె. వైరస్‌గారి పడవని భద్రంగా రేవులో కట్టేశారన్నమాట.

నాకు తల కొట్టేసినట్టయింది. కట్టెయ్యమని ఎవరు చెప్పారని అడిగాను.

"ఆదత్ దీదీ," అలవాటక్కా అని హిందీలో అంది ముందున్న పిల్ల. "తాడు చేతికొస్తే కట్టేస్తాం కదా."

మేడమ్ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఉన్నట్టుండి ఆగి, నా భుజం పట్టుకున్నారు.

"అరిచిందీ వీళ్ళే, కట్టిందీ వీళ్ళే. ఇందులో పొరపాటేదే? నువ్వు ఎవరు మంచివాళ్ళని అడుగుతున్నావు. ఎప్పుడు అని అడిగావా?"

పొరపాటని పక్కన పడేసిన ఆ మొదటి గంటలు గుర్తొచ్చాయి. ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు, ఆ వారమే టికెట్ మార్చుకుని హైదరాబాద్‌లో పడ్డాను. ఈసారి గంట గంటకీ కణాల్ని తీసి చూశాను. మొదట్లో నా ప్రోటీన్ వైరస్ పోగును పట్టుకోగానే కణం అప్రమత్తమవుతోంది. వైరస్ లోపల కుదురుకున్నాక, అదే ప్రోటీన్, అదే పోగును పట్టుకుని వైరస్‌కి ఊడిగం చేస్తోంది. మా గైడ్ సార్ నమ్మక, మళ్ళీ మళ్ళీ చేయించారు. అదే వచ్చింది, మళ్ళీ అదే. ఆ రోజు ల్యాబ్‌లో నేను గెంతిన గెంతు చూసి పక్క గదివాళ్ళు వచ్చారు.

అప్పటికే మేడమ్ పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో ఉన్నారు. వాళ్ళమ్మాయి వీడియో కాల్ కలిపింది. ఆగకుండా అంతా చెప్పేశాను. ఆవిడ ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగేస్తుంటే కూతురు కోప్పడుతోంది, ఈవిడ వింటేనా! ఎన్నిసార్లు చేశావని అడిగారు. చెప్పాను. ముఖం ఇంత చేసుకుని నవ్వారు. తర్వాత, సూది గుచ్చి ఉన్న చెయ్యి, క్లాసులో పిల్లలా పైకెత్తారు.

"అయితే మరి, అది..."

నెట్‌వర్క్ పోయింది. వార్డులో సిగ్నల్ అంతంతమాత్రమే. మర్నాడు అడగొచ్చులే అనుకున్నాను. మర్నాడే అమ్మ ఫోన్.

ఆవిడ ఏం అడగబోయారో తెలిస్తే ఈ క్షణం పరిగెత్తుకెళ్ళి ఆ ప్రయోగం మొదలుపెడతాను. తెలీదు. ఆ రోజు కాల్ తెగేదాకా "అడగండి మేడమ్, వింటున్నాను" అంటూనే ఉన్నాను. తెర మీద బొమ్మ కదల్లేదు. కళ్ళు మెరుస్తున్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.